పదిమంది కలిసి రాసే దయ్యం కథలోంచి నా భాగం ఎందుకు తీసేశారు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో. మీరు ఒంగోలులో బీటెక్ రెండో ఏడాది. హారర్ కథలు కలిసి రాసుకునే ఒక తెలుగు గ్రూపులో ఈమధ్యే చేరారు. కనుపర్తి వైపు ఉప్పు కొటార్ల దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి కథ నడుస్తోంది. మీ వంతు రాగానే ఆ కాపలా మనిషి గుడిసె తగలబెట్టి, అతన్ని అందులోనే చంపి, ఇన్నాళ్లూ ఉప్పు మడుల్లో తిరుగుతున్న దీపం ఎవరిదో కూడా చెప్పేశారు. గ్రూపంతా గప్‌చుప్. మర్నాడు అడ్మిన్ మీ భాగం తీసేసి "కాస్త మర్యాద తెలుసుకో" అన్నాడు. ఆ మర్యాద ఏంటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జవాబు ముందే చెప్పేస్తాను. చంపడం తప్పు కాదు. హారర్ కథలో చావకపోతే మనుషులు ఇంకెక్కడ చస్తారు? వేరేవాళ్లు పుట్టించిన మనిషిని వాళ్లని అడక్కుండా చంపడం ఒక తప్పు. పదిమంది పదిరోజులుగా దాచుకుంటూ వచ్చిన గుట్టును ఒక్క వాక్యంలో విప్పేయడం రెండో తప్పు. రెండోదే పెద్దది. ఈ రెండు ముక్కలు మీతో చెప్పకుండా భాగం ఎత్తేయడం మీ అడ్మిన్ తప్పు, అది వేరే సంగతి.

నా గురించి రెండు మాటలు. కావలిలో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. 2018 నుంచి టెలిగ్రామ్‌లో ఇలాంటి గ్రూపే ఒకటి చూసుకుంటున్నాను. నలభై మందిమి ఉంటే రాసేది పన్నెండు మంది, మిగతావాళ్లు ఊ కొడతారు. ఊ కొట్టడం తక్కువ పని అనుకోకండి. చిన్నప్పుడు కథ చెప్పే అవ్వ, మనం ఊ కొట్టడం ఆపితే కథ ఆపేసేది కదా. ఇక్కడా అంతే.

మావాళ్లు ఇప్పటికీ తలుచుకునే కథ ఒకటుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు వచ్చే ఆఖరి బస్సు. కండక్టరు ప్రతి రాత్రీ ఆత్మకూరు దాటాక లెక్క చూసుకుంటాడు. టిక్కెట్లు ముప్పై ఒకటి, మనుషులు ముప్పై. డబ్బులు మాత్రం ముప్పై ఒక్క టిక్కెట్లకీ సరిపోతాయి. గూడూరు నుంచి రాసే ఒకావిడ మొదలుపెట్టారు దీన్ని. పదకొండు రాత్రులు నడిచింది. ఒకరు వెనక సీటు తడిగా ఉందని రాశారు. ఇంకొకరు డ్రైవరు అద్దంలోకి చూడటం మానేశాడని రాశారు, ఎందుకో చెప్పలేదు. నేను రాత్రి షాపు మూసి, షట్టరు దించేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి.

పన్నెండో రాత్రి కొత్తగా చేరిన కుర్రాడు, మీలాగే హుషారైనవాడు, ఆ మలుపులో మూడేళ్ల కిందట లారీ గుద్ది చనిపోయిన పెళ్లికూతురే ఆ ముప్పై ఒకటో మనిషి అని రాసేశాడు. కథ చల్లారిన టీ అయిపోయింది. గూడూరు ఆవిడ నాకు విడిగా మెసేజ్ పెట్టారు: "ఏందన్నా ఇది, నా బస్సుని తీసకపొయ్యి షెడ్డులో పెట్టేశాడు!"

నేనూ తీసేద్దామనే అనుకున్నా. ఆవిడే వద్దన్నారు. మర్నాడు తన వంతులో ఇలా రాశారు. ఆత్మకూరు బస్టాండులో టీ కొట్టతను కండక్టరుకి ఈ పెళ్లికూతురు కథంతా చెప్తాడు. కండక్టరుకి మనసు కుదుటపడుతుంది, ఎవరో తెలిసిపోయింది కదా. బస్సు కదిలాక అలవాటు కొద్దీ మళ్లీ లెక్క చూస్తాడు. టిక్కెట్లు ముప్పై రెండు.

కుర్రాడు రాసిన దాంట్లో ఒక్క అక్షరం కొట్టేయలేదు ఆవిడ. అది ఊళ్లో చెప్పుకునే మాట అయింది, భయం మళ్లీ లేచి కూర్చుంది. ఆ కుర్రాడు ఇప్పుడు మా గ్రూపులో అందరికన్నా బాగా రాస్తాడు. దయ్యానికి పేరు, ఊరు, చనిపోయిన తేదీ ఇచ్చేస్తే ఆధార్ కార్డు చేయించినట్టే అని కొత్తవాళ్లకి నేను చెబుతుంటాను. ఆధార్ ఉన్న దయ్యానికి ఎవరు భయపడతారు? మరీ చెప్పక తప్పదనుకుంటే, ఒక ముడి విప్పిన చోటే ఇంకో ముడి వేసి వెళ్లండి. మీ తర్వాత రాసే మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి.

ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన మర్యాద కాదు. బుర్రకథ చూశారో లేదో మీరు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు లోకం పోకడ మీద నాలుగు మాటలు విసురుతారు. తందాన తాన అందుకోవాల్సిన చోటే అందుకుంటారు. అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతుంటే హాస్యం వంత జోకు వేయడు. కథకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతాడే, అక్కడ వేస్తాడు. మన గ్రూపుల్లో జోకులేసేవాళ్లకి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఒకావిడ రెండు గంటలు కూర్చుని రాసిన స్మశానం సీను కింద "దయ్యానికి బిర్యానీ పెట్టండి" అని ఒకడు కామెంట్ పెడతాడు. ఆవిడ మళ్లీ రాయదు.

అడగడం దగ్గరికి వద్దాం. ఇది కష్టమేం కాదు. ఆ పాత్ర ఎవరిదో వాళ్లకి విడిగా "మీ కాపలా మనిషి గుడిసె తగలబడితే మీకేమన్నా ఇబ్బందా?" అని ఒక మెసేజ్. పదిమందిలో తొమ్మిదిమంది ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు, పైగా ఎలా కాలాలో వాళ్లే చెప్తారు. అడక్కుండా చేస్తే ఆ తొమ్మిదిమందే అలుగుతారు. చావు ఒక్కటే కాదు, చిన్న చిన్న వాటిలో కూడా ఒక గీత ఉంది. అతని చేతిలో లాంతరు ఆరిపోయిందని మీరు రాయొచ్చు. వెనక ఎవరో దగ్గారని రాయొచ్చు. అతను భయపడి పరిగెత్తాడని మాత్రం రాయకూడదు. పరిగెత్తాలో, నిలబడాలో, "ఎవుర్రా అది" అని గద్దించాలో ఆ పాత్ర రాసేవాళ్లు తేల్చుకుంటారు. అలాగే, చదివే మీకు తెలిసినవన్నీ మీ పాత్రకి తెలిసిపోకూడదు. పక్క ఊళ్లో జరిగింది మీరు ఫోనులో చదివారు, మీ పాత్ర చదవలేదు. ఇంకో రకం ఉంటారు, వాళ్ల పాత్రకి ఏ దయ్యమూ ఏమీ చేయలేదు. కత్తి దిగదు, గాలి సోకదు, నిద్ర కూడా రాదు. అలాంటివాణ్ణి నేనొకసారి బావిలో దింపి రెండు వారాలు పైకి రానివ్వలేదు. అడిగే చేశాను లెండి.

ఇప్పటిదాకా చెప్పింది కథ లోపలి మర్యాద. నా అనుభవంలో పెద్ద గొడవలన్నీ కథ బయటికి వచ్చినప్పుడే అయ్యాయి.

రెడిట్ అనే వెబ్‌సైటులో నోస్లీప్ అని హారర్ కథలు పెట్టుకునే ఒక చోటుంది, 2010లో మొదలైంది. అక్కడ రాసిందంతా నిజంగా జరిగినట్టే చదివేవాళ్లు కూడా మాట్లాడాలి, అది అక్కడి నియమం. "కట్టుకథ" అని కామెంట్ పెడితే తీసేస్తారు. ఆటకి ఆ నమ్మకం ఉండాలి, మేమూ దాన్నే పాటిస్తాం. కానీ ఆ నమ్మకం గోడ లోపలే ఉండాలి. మా గ్రూపు మొదలైన 2018లోనే పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, చాలా రాష్ట్రాల్లో ఏ పాపం తెలియనివాళ్లని కొట్టి చంపారు. ఆ ఏడు జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుని ఒకసారికి ఐదు చాట్లకి కుదించింది. సరిగ్గా ఆ రోజుల్లో మావాడొకడు కథలో భాగంగా ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏడుపు గొంతుతో, "కావలి రైల్వే గేటు దగ్గర ఒక ఆడమనిషి పిల్లోణ్ణి..." అంటూ. బాగా చేశాడు, అదే ముప్పు. మూడో రోజుకి అది మా చెల్లెలి అత్తగారి ఫోనులోకి వచ్చింది, నిజం వార్తగా. నేను ఆ వారం ఎంతమందికి ఫోన్ చేసి "అది కథ, మా కుర్రాడే" అని చెప్పుకున్నానో నాకే తెలుసు. అప్పట్నుంచి మా దగ్గర ప్రతి భాగం మొదటి లైను "కథ" అనే మాటతోనే మొదలవుతుంది, వాయిస్ మెసేజ్ అయితే నోటితో చెప్పాలి. మూడ్ పోతుందంటారు. పోనివ్వండి.

ఇక్కడే ఇంకోటి. 1990ల్లో మన వైపు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాసుకున్నారు. మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు. ఒక ఆడదయ్యం రాత్రి వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందని, తలుపు మీద రాత చదివి వెనక్కి పోతుందని. దాన్ని రాసింది ఎవరు? ఎవరూ కాదు. వీధి వీధికీ ఒక ముక్క కలుపుకుంటూ పోయారు. కలిసి అల్లిన కథల్లో అంతకన్నా పెద్దది నేను చూడలేదు, ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే రాసేవాడిగా అసూయే. కానీ నాకు బాగా గుర్తున్నది వేరే. ఆ నెలల్లో పొద్దుగూకాక అన్నం అడుక్కోవడానికి వచ్చే ముసలామెకి మా వీధిలో ఒక్కరూ తలుపు తీయలేదు. అంతకు ముందు రోజూ పెట్టినవాళ్లే. మా అమ్మతో సహా.

అందుకే మా గ్రూపులో నిజం మనిషి, నిజం ఇల్లు ఉండవు. చేతబడి, బాణామతి అనే మాటలు కథలోకి వస్తే మరీ జాగ్రత్త. వాటి పేరు చెప్పి మన తెలుగు పల్లెల్లో మనుషుల్ని చంపిన కేసులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఒంటరి ఆడమనిషినో, ఫలానా కులంవాళ్లనో అనుమానించేలా ఉన్న భాగం వస్తే, ఎంత బాగా రాసినా నేను ఆపేస్తాను. దాని మీద చర్చ కూడా పెట్టను. ఊరు పేరు వాడుకోండి. పెన్నా ఇసుక, పులికాట్ మీద మంచు, చీమకుర్తిలో గ్రానైటు తవ్వి వదిలేసిన గుంతల్లో నిలిచిన నీళ్లు, ఇవన్నీ మనవే. వీధి పేరు, ఇంటి గుర్తులు వద్దు.

ఫోటోల సంగతి నా చెయ్యి కాలాకే తెలిసింది. మా సభ్యుడొకడు వాళ్ల ఊళ్లో పాడుబడిన మిద్దె ఫోటో తీసి కథకి పెట్టాడు. బ్రహ్మాండంగా ఉందని నేనే మెచ్చుకున్నా. నెల తిరక్కుండా బైకుల మీద కుర్రాళ్లు రాత్రిళ్లు అక్కడికి వెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టారు. ఆ ఇంటి యజమాని దాన్ని అమ్మకానికి పెట్టి ఉన్నాడట. బేరం చెడింది. ఆయన నా షాపుకి వచ్చి అరిచిన అరుపులకి జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్లు వెళ్లిపోయారు. అరవడానికి ఆయనకి హక్కుంది. ఎస్‌సీపీ ఫౌండేషన్ అని ప్రపంచమంతా కలిసి రాసే పెద్ద హారర్ లోకం ఉంది కదా, అది 2007లో మొదలైనప్పుడు మొట్టమొదటి రాతకి ఒక జపాన్ శిల్పి చేసిన బొమ్మ ఫోటోని అడక్కుండా వాడేశారు. చివరికి 2022లో వాళ్లంతట వాళ్లే తీసేశారు. బొమ్మ లేకుండానే ఆ రాత ఇప్పటికీ భయపెడుతుంది.

నేను చేసిన తప్పు ఇంకోటి చెప్పాలి. సముద్రం కథ ఒకటి నడుస్తుంటే ఒకరు 2004 డిసెంబరు 26ని తెచ్చి కలిపారు. సునామీలో పోయినవాళ్లు ఒడ్డుకి తిరిగొచ్చి తలుపులు తడుతున్నట్టు. రాత చాలా బాగుంది. నేను ఉండనిచ్చాను. మా గ్రూపులో ఊ కొట్టేవాళ్లలో ఒకాయనది కొత్తపట్నం వైపు పట్టపుపాలెం. ఆ రాత్రి ఏమీ అనకుండా గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. వారం తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది, ఆ రోజు ఆయన ఇంట్లో ఇద్దరు పోయారని. ఫోన్ చేశాను. "మీకు తెలీదు కదా సార్" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఇప్పుడు మేం తుఫానులు, వరదలు కథలో వాడుకుంటాం గానీ తేదీతో ఉన్నదాన్ని, మనవాళ్లు పోయినదాన్ని వాడం. 2021 నవంబరులో పెన్నా పొంగినదీ అంతే.

దాంతోపాటే దీపం పద్ధతి పెట్టాం. బల్ల చుట్టూ కూర్చుని కథలాటలు ఆడేవాళ్లకి జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన 2013లో ఎక్స్ కార్డు అని ఒకటి ఇచ్చాడు. ఇంటు గుర్తు వేసిన కార్డు మధ్యలో ఉంటుంది. సీను ఎవరికన్నా భరించలేనిదైతే దాన్ని ముట్టుకుంటారు, కథ అక్కడ పక్కకి తిరుగుతుంది. ఎందుకని ఎవరూ అడగరు. మేం కార్డు బదులు దీపం బొమ్మ పెడతాం. దీపం వెలిగిందంటే సీను మారాలి, కారణం అడక్కూడదు. ఒకసారి ఆసుపత్రి కథలో కాన్పు గది రాగానే ఒకరు దీపం పెట్టారు. రాస్తున్నతను సగం వాక్యంలో ఆపి, లిఫ్టు తలుపు తెరుచుకుందని రాసి, కథని కింది అంతస్తుకి దించేశాడు. నాకైతే ఆ కాన్పు గది కన్నా ఆ కింది అంతస్తే ఎక్కువ భయం వేసింది. దీపం పెట్టిందెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

చిన్నపిల్లల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. స్లెండర్ మ్యాన్ అనే పొడుగాటి, ముఖం లేని మనిషిని 2009లో ఎరిక్ నడ్సెన్ అనే ఆయన ఒక ఇంటర్నెట్ పోటీ కోసం రెండు ఫోటోలతో పుట్టించాడు. ఊరూ పేరూ లేని జనం వందల కథలు కలిపారు. 2014లో అమెరికాలో పన్నెండేళ్ల ఆడపిల్లలిద్దరు అతను నిజమని నమ్మి, అతన్ని మెప్పించడానికి తమ స్నేహితురాలినే కత్తితో పొడిచారు. ఆ పిల్ల బతికింది. రాసినవాళ్లు నేరం చేశారని నేననను. కానీ మా గ్రూపులోకి తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వయసు దాచి చేరి, నిద్రపోవడం మానేస్తే వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. ఆమెతో మాట్లాడుతుంటే నాకు ఆ అమెరికా సంగతే గుర్తొచ్చింది. పద్దెనిమిది నిండినవాళ్లకే చోటు. అడిగి, మాట్లాడి, అనుమానమొస్తే వద్దంటాను.

గుళ్లు, దర్గాలు, చర్చిల మీద కూడా మాకో కట్టుబాటుంది, అది నాకు కాస్త నొప్పిగానే ఉంటుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ తెలుసు కదా. కోరిక ఉన్నవాళ్లు కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు, తీరాక వచ్చి మళ్లీ ఇస్తారు. ఒకమ్మాయి నాతో విడిగా ఒక ఆలోచన చెప్పింది: నడుముల్లోతు నీళ్లలో ఒకడు రొట్టె తీసుకుంటాడు, ఇచ్చిన చెయ్యి చల్లగా ఉంటుంది, ఆ రొట్టె ఇచ్చింది బతికున్న మనిషి కాదు. ఒళ్లు జలదరించింది నాకు. ఏళ్ల తరబడి విన్నవాటిలో అదే మంచి ఆలోచన. అయినా వద్దన్నాను. లక్షలమంది నమ్మకంతో వెళ్లే చోటు మీద భయం పూయడానికి నాకు మనసొప్పలేదు. ఆ అమ్మాయి ఒప్పుకుంది, కానీ పేరు లేని చెరువు పెట్టి రాస్తే అంత పండలేదు. నేను చేసింది సరేనా అంటే, ఇప్పటికీ ఒక్కోసారి అనుమానమే.

మిగతావి చిన్నవి. వంతు తీసుకుంటే "నేను రాస్తున్నా" అని చెప్పి, రెండు రోజుల్లో రాయలేకపోతే వదిలేయండి. సెమిస్టర్ పరీక్షలుంటే ముందే చెప్పండి, కథ ఆగదు, అలగరు కూడా. వరసగా రెండు భాగాలు ఒకరే వేయకూడదు. కథ బయటి మాటలు మేం జంట బ్రాకెట్లలో పెడతాం, కథలో తిట్టుకున్నవాళ్లు అక్కడ "బాగా తిట్టావబ్బయా" అని మెచ్చుకుంటారు. ఏఐతో రాయించి అతికించిన భాగం నాలుగో లైనుకే తెలిసిపోతుంది, అందులో దయ్యానికి మన ఊరి వాసన ఉండదు.

కథ పూర్తయ్యాక యూట్యూబులో చదివి వినిపించాలని ఎవరికన్నా అనిపిస్తే, రాసిన అందరినీ అడగాలి, అందరి పేర్లూ చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అంటే ఎవరి భాగం ఎవరిదో విడదీయలేనిది. మనదాంట్లో ప్రతి ముక్క మీదా పేరుంటుంది కాబట్టి ఎవరి ముక్క వాళ్లదే. మా బస్సు కథని ఒకడు సొంత పేరుతో వీడియో చేస్తే గూడూరు ఆవిడ కోర్టుకేం పోలేదు. ఆ వీడియో కింద "టిక్కెట్లు ముప్పై మూడు" అని మాత్రం కామెంట్ పెట్టారు. వాడు మర్నాడే తీసేశాడు.

ఇక మీ పని. అడ్మిన్‌తో వాదించకండి. ఆ కాపలా మనిషిని రాసినతనికి మెసేజ్ పెట్టండి. "అన్నా, అడక్కుండా రాసేశాను, తప్పే. గుడిసె తగలబడటం వరకు ఉంచుకోవచ్చా?" అని. ఒప్పుకుంటే ఆ మంట సీను మళ్లీ రాయండి, మీరు పంపిన ముక్కలో మంట బాగుంది, ఎండిన తాటాకు అంటుకునే చప్పుడు నాకు వినబడింది. చావు తీసేయండి. దీపం ఎవరిదో కూడా తీసేయండి. తెల్లారి ఊరివాళ్లు వచ్చి బూడిద కెలికితే మనిషి దొరకడు, అతని టార్చిలైటు దొరుకుతుంది, అది ఇంకా వెలుగుతూనే ఉంటుంది. అక్కడ ఆపి వంతు అతనికే ఇచ్చేయండి. అతనేం రాశాడో వీలైతే ఇక్కడ చెప్పండి.